ఎన్నిసార్లు కడిగినా...

ఈ వారం చాలా ఉత్తరాలే వచ్చాయి. ఆవకాయ బూజు పడితే ఏం చెయ్యాలని, పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుందని అడిగారు. వాళ్ళందరూ ఒక్క వారం ఓపిక పట్టాలి. గుంటూరు వైపు నించి ఒక పాఠకురాలు రాసిన ఎనిమిది పేజీల ఉత్తరం చదివాక మిగతావాటికి జవాబు రాయటానికి చెయ్యి ఆడలేదు. పేరు, ఊరు వెయ్యకుండా ఆ ఉత్తరంలో సంగతులు రాసుకోవచ్చని ఆవిడే అన్నారు.

ఆవిడకి 38 ఏళ్ళు. భర్త, అత్తగారు, ఇద్దరు పిల్లలు. పాల ప్యాకెట్టు రాగానే సబ్బుతో కడుగుతారు. కడిగిన చేత్తో కొళాయి కట్టేస్తే చెయ్యి మళ్ళీ మైలపడ్డట్టుంటుందిట. అందుకని కొళాయి కడిగి, ఆ చెయ్యి కడిగి, మళ్ళీ కొళాయి. పనిమనిషి తోమిన సామాను మళ్ళీ తోముతారు. కూరగాయల సంచీ వీధి అరుగు దాటి లోపలికి రాకూడదు. చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో నెత్తురు. రాత్రి పడుకునే ముందు గ్యాసు కట్టానా లేదా అని ఏడెనిమిదిసార్లు లేస్తారు. అయినా నమ్మకం కుదరదు. మావారు లేచి చూసొచ్చి "కట్టే ఉంది" అంటే ఓ పావుగంట నిద్ర.

ఆరో పేజీలో ఇలా ఉంది. "ఇది రాయటానికి చెయ్యి రావటంలేదండీ. పోయిన నెల మా పెద్దవాడు బడి నించి జ్వరంతో వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. బడి బట్టలతోనే చాప మీద పడిపోయి, అమ్మా అని చెయ్యి చాపాడు. నేను గుమ్మంలోనే నిలబడి మా అత్తగారిని కేకేశాను. వాడు నా వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నించి వాడు నన్ను ముట్టుకోవటమే మానేశాడు. ఈమధ్య వాడూ ఊరికే చేతులు కడుక్కుంటున్నాడు."

చివర మూడు ప్రశ్నలు. ఇది పిచ్చేనా? అత్తగారు మడి చాదస్తం అంటారు, భర్త పొగరంటారు, ఏది నిజం? మందులు లేకుండా మాటలతో నయం చేస్తారట గదా, మాటలు చెబితే చెయ్యి కడగటం ఎలా ఆగుతుంది?

మొదటిదానికి జవాబు సులువు. పిచ్చి కాదమ్మా. పొగరు అసలే కాదు. దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, పొట్టిగా ఓ.సి.డి. ఇందులో రెండు ముక్కలున్నాయి. వద్దన్నా పదే పదే వచ్చి గుచ్చే ఆలోచన అబ్సెషన్. ఆ బాధ తట్టుకోలేక చేసి తీరాల్సి వచ్చే పని కంపల్షన్. మీరు చేస్తున్నది అర్థంలేనిదని మీకే తెలుసు, ఉత్తరంలో మూడుచోట్ల రాశారు కూడా. తెలిసినా ఆగలేకపోవటమే ఈ జబ్బులో నరకం. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకు అంటే కోతే గుర్తొస్తుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని విద్యార్థులకు చెప్పి చూశాడు. పాపం వాళ్ళకి ఎలుగుబంటే వచ్చింది. మన కోతి సంగతి తెలిసుంటే ఆయనకి అంత శ్రమ ఉండేది కాదు!

మడి సంగతి మాత్రం కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. ఈ పేరు చెప్పుకునే మన ఇళ్ళల్లో ఈ జబ్బు ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. మడి కట్టుకున్న మామ్మగారికి ఒక పద్ధతి ఉంటుంది. తడిబట్ట ఆరేసుకుంది, కట్టుకుంది, వంటయింది, మహానైవేద్యం అయింది. ఇక మడి విడిచి, హాయిగా కాళ్ళు చాపుకుని పక్కింటావిడతో కబుర్లు చెప్పుకుంటుంది. అంటే మడికి మొదలుంది, చివరుంది. చేసినందుకు తృప్తి ఉంది. ఓ.సి.డి.కి చివర లేదు, తృప్తి లేదు. కడిగానా, సరిగ్గా కడిగానా, కడిగాక గోడ తగిలిందా? పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యులు దీనికి అనుమానపు పిచ్చి అని పేరు పెట్టారు. ఇప్పుడు పిచ్చి అనటంలేదు గాని, అనుమానం అన్న మాట సరైనదే. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆచారం మనసుకి నెమ్మదినిస్తోందా, నెమ్మదిని తినేస్తోందా అని చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. రోజుకి గంటకి మించి ఈ పనులకే పోతున్నా, పిల్లల్ని తాకటం, తినటం, పడుకోవటం కుదరకపోతున్నా అది చాదస్తం దాటిపోయినట్టే.

2020లో కరోనా వచ్చి, దేశమంతా చేతులు కడుక్కోండి అని చెప్పాక, ఇలాంటివాళ్ళలో చాలామందికి బాధ పెరిగింది. లోపల ఉన్న భయానికి బయట నించి మద్దతు దొరికింది గదా మరి.

ఇక అసలు ప్రశ్న, మాటలతో ఎలా తగ్గుతుందని. నిజం చెప్పాలంటే ఉత్తి మాటలతో తగ్గదు. వియన్నాలో ఫ్రాయిడ్ 1909లో ఇలాంటి బాధ ఉన్న ఒక యువకుడి గురించి పెద్ద వ్యాసం రాశాడు. ఆ తరవాత ఏళ్ళ తరబడి డాక్టర్లు రోగుల్ని పడుకోబెట్టి చిన్నతనం గురించి మాట్లాడించారు. మాట్లాడి లేచి, వెళ్ళి చేతులు కడుక్కునేవారు! ఓ.సి.డి.కి వైద్యం లేదన్న పేరు చాలాకాలం ఉండేది.

1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల గురించి రాసిన చిన్న వ్యాసంతో దారి మారింది. ఒకరిది మన పాఠకురాలి బాధలాంటిదే, కడుగుడు. ఆవిణ్ణి ఆసుపత్రిలో ఉంచి, గదిలో నీళ్ళు కట్టేయించి, నర్సుల్ని తోడుంచి, భయపడే వస్తువుల్ని ముట్టించి, కడుక్కోనివ్వకుండా చూశారు. మొదట్లో విలవిల్లాడింది, తరవాత తరవాత భయం తగ్గింది. 1974 నాటికి మేయర్ బృందం అలాంటి 15 మంది గురించి రాసింది. అందులో 10 మంది బాగా కోలుకున్నారు. అప్పటిదాకా మొండి రోగమన్నదానికి ఇది చిన్న మాట కాదు. ఈనాడు దీన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, ఇ.ఆర్.పి. అంటారు. భయపడేదానికి ఎదురెళ్ళటం, వెళ్ళాక అలవాటైన పని చెయ్యకుండా ఉండటం, అంతేనన్నమాట. నీళ్ళు కట్టేయించటం లాంటి బలవంతాలు ఇప్పుడు లేవు. ప్రతి అడుగూ రోగి ఒప్పుకునే వెయ్యాలి.

ఎందుకు పనిచేస్తుందో అర్థమైతేనే చెయ్యబుద్ధవుతుంది కాబట్టి చెబుతాను. చెయ్యి మైలపడిందన్న ఆలోచన రాగానే గుండె దడ. కడిగితే దడ దిగుతుంది. అప్పుడు మెదడు ఏం నేర్చుకుంటుంది? కడిగాను కాబట్టి గండం గడిచింది అని. కడక్కపోతే ఏమయ్యేదో దానికి చూసే అవకాశమే ఇవ్వలేదు. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసినట్టే ఇది. కడిగిన ప్రతిసారీ వడ్డీ కట్టి ఆ పూటకి గుమ్మంలోంచి పంపిస్తున్నారు. అసలు తీరకపోగా పెరుగుతోంది. మొదట్లో ఒకసారి కడిగితే సరిపోయేది ఇప్పుడు పదిసార్లు అవుతోందని మీరే రాశారు. కట్టకుండా ఊరుకుంటే ఏమవుతుంది? గుమ్మంలో నిలబడి కాసేపు అరుస్తాడు. అరిచి అరిచి పోతాడు. మళ్ళీ వస్తాడు గాని, అరుపు తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్తే మొదటి రెండు మూడుసార్లూ ప్రశ్నలే ఉంటాయి. జబ్బు ఎంత ముదిరిందో కొలవటానికి 1989లో అమెరికాలో తయారైన యేల్-బ్రౌన్ స్కేలు అని ఒకటుంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. (మార్కులు తక్కువొస్తే సంతోషించాల్సిన పరీక్ష ఇదొక్కటే.) తరవాత మీరూ, ఆ సైకాలజిస్టూ కలిసి ఒక నిచ్చెన వేస్తారు. ఏ పనికి ఎంత భయం అని సున్నా నించి వంద దాకా అంకెలు వేసుకోవాలి. మన పాఠకురాలి ఉత్తరాన్ని బట్టి ఊహిస్తే, తలుపు గడియ ముట్టుకుని కడుక్కోకపోవటం 30 ఉండొచ్చు. చిల్లర నోట్లు 40. కూరగాయల సంచీ వంటింటి గట్టు మీద పెట్టడం 55. పాల ప్యాకెట్టు కడక్కుండా గిన్నెలో పోసుకోవటం 60. బాబు బడి సంచీ ఒళ్ళో పెట్టుకోవటం 75. బడి బట్టలతోనే వాణ్ణి పక్కన కూచోబెట్టుకోవటం ఏ తొంభయ్యో.

కింది మెట్టు నించి మొదలు. గడియని వేలి కొసతో కాదు, అరచేత్తో పట్టుకోవాలి. ఆ చేత్తో చీర, చెంప, కుర్చీ ముట్టుకోవాలి. ఇక కడుక్కోకూడదు. పక్కన కూచున్నావిడ అయిదు నిమిషాలకోసారి "ఇప్పుడెంత?" అని అడుగుతుంది. 30 అనుకున్నది ముందు 50కి ఎగబాకుతుంది. కాసేపు అక్కడే ఉంటుంది. తరవాత 45, 35, 20. కడక్కుండానే దిగింది! ఇది ఎవరు చెప్పినా నమ్మరు, ఒకసారి ఒంటితో చూడాలి. మర్నాడు ఇంట్లో అదే పని మళ్ళీ, మళ్ళీ. విసుగు పుట్టిందంటే ఆ మెట్టు అయిపోయినట్టు. కొంతమందికి భయం ఆ గంటలో దిగదు. ఫరవాలేదు. భయం ఉండగానే వంట చేసుకోగలిగాను, ఏ కొంపా మునగలేదు అని తెలియటం కూడా గెలుపే అని ఈమధ్య వైద్యులు చెబుతున్నారు.

ఇందులో దొంగదారులున్నాయి. చెయ్యి కడక్కుండా గుట్టుగా కొంగుకి తుడుచుకోవటం ఒకటి. మనసులో ఏదో జపించి మైల పోయిందనుకోవటం ఇంకోటి. ఇంటికెళ్ళాక ఎలాగూ స్నానం చేస్తానుగా అని సరిపెట్టుకోవటం అన్నిటికన్నా పెద్దది. ఇవన్నీ వడ్డీ కట్టడమే. థెరపిస్టుకి అబద్ధం చెప్పినా నష్టం మనకే.

అశుభ్రంగా బతకమంటున్నారా అని కొందరికి కోపం వస్తుంది. కాదు. అన్నం ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక, పచ్చి మాంసం, చేపలు ముట్టుకున్నాక చెయ్యి కడుక్కోవాల్సిందే. ఇరవై లెక్కపెట్టేలోపు, ఒక్కసారి. ఇంట్లో మిగతావాళ్ళు ఎంత కడుగుతారో అంత.

ఇది ఎంత పనిచేస్తుంది? 2005లో అమెరికాలో ఎడ్నా ఫోవా బృందం 122 మంది మీద జరిపిన పరిశోధన ఫలితాలు అచ్చయ్యాయి. 12 వారాల తరవాత చూస్తే ఇ.ఆర్.పి. చేసినవాళ్ళలో 62 శాతం, క్లోమిప్రమిన్ అనే మందు ఒక్కటే వాడినవాళ్ళలో 42 శాతం, రెండూ కలిపితే 70 శాతం మంది మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 8 శాతం. అంటే వందకి వందమందికీ తగ్గదు. తగ్గినవాళ్ళకి కూడా పిల్లల పరీక్షలప్పుడో, ఇంట్లో పెళ్ళి పనులప్పుడో కాస్త తిరగబెడుతుంది. అప్పుడు మళ్ళీ నిచ్చెన తీస్తారు. మామూలుగా 12 నించి 20 సార్లు వెళ్ళాల్సి ఉంటుంది. తియ్యని మందు కాదిది. భయానికి మొదలుపెట్టనివాళ్ళూ, మధ్యలో మానేసేవాళ్ళూ ఉన్నారు.

గ్యాసు అనుమానానికి ఇంకో పద్ధతి కూడా కలుపుతారు, కాగ్నిటివ్ థెరపీ. లండన్‌లో పనిచేసిన పాల్ సాల్కోవ్‌స్కిస్ 1985లో ఒక మాట చెప్పాడు. ఇలాంటివాళ్ళు ఏ ప్రమాదం వచ్చినా అది నా తప్పే అవుతుందని భారమంతా నెత్తినేసుకుంటారు అని. మన ఆడవాళ్ళకి ఆ సంగతి వేరే చెప్పాలా! ఒక గుండ్రం గీసి చపాతీ ముక్కల్లా కొయ్యమంటారు. గ్యాసు లీకై ప్రమాదం జరిగితే ట్యూబు పాతబడటానికి ఎంత ముక్క, రెగ్యులేటరుకెంత, ఆఖరున టీ పెట్టుకున్న మావారికెంత, వాసన పసిగట్టని ఇంటిల్లిపాదికీ ఎంత. అవన్నీ ఇచ్చాక మిగిలిన ముక్క నాది. చాలామందికి ఆ ముక్క చూసి నవ్వొస్తుంది. ఆ తరవాత నియమం, రాత్రి ఒకసారి రెగ్యులేటరు కట్టడం, కళ్ళతో చూడటం, వంటింటి దీపం ఆర్పడం. మళ్ళీ లేవటం లేదు.

పూర్వం చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని, ఆలోచన రాగానే లాగి వదలమనేవారు. దానివల్ల చెయ్యి కందటమే గాని ప్రయోజనం కనపడలేదు. ధ్యానం, ఊపిరి మీద ధ్యాస మంచివే, కాని ఒక్కటే చాలవు. భయం పోగొట్టుకోవటానికి ధ్యానం చేస్తే అదీ ఇంకో కడుగుడైపోతుంది.

ఈ ఉత్తరంలో లేని సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఎవరూ రాయరు, అందుకే చెప్పటం. కొత్తగా బిడ్డను కన్న తల్లికి కత్తిపీట చూడగానే బిడ్డకి ఏదైనా చేసేస్తానేమోనన్న ఆలోచన మెరిసి, వణికిపోయి, కత్తిపీట అటక మీద దాచేస్తుంది. బిడ్డతో ఒంటరిగా ఉండదు. ఇంకొకరికి పూజలో కూచోగానే దేవుడి మీద బూతుమాట మనసులో పడుతుంది. లెంపలేసుకుని మళ్ళీ మొదటి నించి పూజ. వీళ్ళు చెయ్యి కడగరు కాబట్టి ఓ.సి.డి. అని ఎవరికీ తట్టదు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు మామూలు మనుషుల్ని అడిగి చూస్తే, సుమారు 80 శాతం మందికి ఇలాంటి పాడు ఆలోచనలు వస్తూనే ఉన్నాయని తేలింది. డి సిల్వా మన పక్క దేశం, శ్రీలంక మనిషి. మామూలువాళ్ళు ఛీ అనుకుని కూర తరుక్కుంటారు. ఓ.సి.డి. ఉన్నవాళ్ళు, ఇంత ఘోరం తోచిందంటే నేను ఎంత ఘోరమైనదాన్నో అనుకుంటారు. ఆ తల్లి ఆలోచన చూసి భయపడుతోందంటేనే అది ఆవిడ కోరిక కాదన్నమాట. చికిత్సలో ఆవిడ బిడ్డని పక్కన పడుకోబెట్టుకునే వంకాయలు తరగటం నేర్చుకుంటుంది. కాని బాలింతకి నిద్ర పట్టక, ఎవరో చెవిలో చెబుతున్నారని, బిడ్డలో దెయ్యముందని గట్టిగా నమ్ముతూ మాట్లాడుతుంటే అది వేరే జబ్బు. అప్పుడు గంటైనా ఆగకుండా, బిడ్డని వేరేవాళ్ళకిచ్చి, ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంట్లోవాళ్ళతో నాలుగు ముక్కలు. గుంటూరు అన్నయ్యగారూ, రాత్రి మీరు లేచి "కట్టే ఉంది" అని చెప్పటం ప్రేమతోనే, కాని అది కూడా వడ్డీయే. అలాగని రేపట్నించి చెప్పను పో అని తెగేసి అనకండి. ఇద్దరూ పగటిపూట కూచుని అనుకోండి. ఒకసారి చెబుతాను, రెండోసారి అడిగితే "ఇది నీ జబ్బు అడిగిస్తోంది, కాసేపు ఓర్చుకో" అంటాను, తిట్టను అని. అత్తగారు సామాను ఆవిడకి కనపడకుండా కడిగిపెట్టడం, పిల్లలు వీధిలోనే బట్టలు విప్పటం, ఇవి కూడా డాక్టరుతో మాట్లాడుకుని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రావాలి. బాబు సంగతి మాత్రం వాయిదా వెయ్యకండి. ఈ జబ్బు కుటుంబాల్లో వచ్చే అవకాశముంది, చిన్నతనంలోనే మొదలవుతుంది కూడా. వాడు మిమ్మల్ని చూసి నేర్చుకున్నాడా, వాడికీ మొదలైందా అన్నది చూసి చెప్పాల్సినవాళ్ళు డాక్టర్లు. పిల్లలకీ ఇదే పద్ధతి, ఆటలా చేయిస్తారు.

మందుల గురించి. మందులు వద్దు అని పట్టుబట్టకండి. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి మాత్రలకి అలవాటు పడిపోతారన్నది అపోహ. గుణం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఇరవై రోజులకే పనిచెయ్యలేదని పారేసేవాళ్ళే ఎక్కువ. తగ్గాక కూడా ఏడాదో రెండేళ్ళో వాడమంటారు. మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా మానాలి. బాధ మరీ ఎక్కువున్నప్పుడు మాత్ర కాస్త ఊపిరి తీసుకోనిస్తే నిచ్చెన ఎక్కటం సులువవుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి అంటారు. మెడికల్ కాలేజీలున్న పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెబితే నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఓ.సి.డి.కే ప్రత్యేకంగా క్లినిక్కుంది. ప్రైవేటుగా చూపించుకుంటే, ఆ క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా, ఇ.ఆర్.పి. చేయించిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ధైర్యం చెప్పి పంపించేవాళ్ళు చాలామందే ఉన్నారు, ధైర్యం చెప్పటం ఈ జబ్బుకి వైద్యం కాదు. బయటికి వెళ్ళటానికి వీలు కానివాళ్ళు 14416కి ఫోను చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నెంబరది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఉత్తరం రాసిన చెల్లెమ్మకి. మీ నిచ్చెన మీద బాబు నుదుటి మీద చెయ్యి వెయ్యటం ఎన్నో మెట్టో నాకు తెలీదు. రేపే ఆ మెట్టు ఎక్కాలని ప్రయత్నించి, కుదరక ఏడవకండి. కింది మెట్లు ఉన్నది అందుకే. ఈలోపల వాడితో ఒక్కమాట చెప్పండి, "అమ్మకి చేతులు కడుక్కునే జబ్బొచ్చింది, మందు తీసుకోబోతోంది, నువ్వు మురికని కాదు నాన్నా" అని. పదకొండేళ్ళవాడికి అర్థమవుతుంది. డాక్టరు ఎదట చెప్పటానికి నోరు రాకపోతే ఈ ఎనిమిది పేజీలే చేతికివ్వండి, ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. మీ ఉత్తరం ఇవాళే పోస్టులో తిప్పి పంపిస్తున్నాను. కవరు కడక్కుండా తెరవండి.